కందిపప్పు బస్తాకు అప్పజెప్పిన మాట

వేదిక మీది పెద్దలకు, కృపారావు గారి భార్య కృపావతమ్మ గారికి, వారి పిల్లలు మోజెస్, మెర్లిన్‌లకు, కొట్లు కట్టేసి వచ్చిన మన జగ్గయ్యపేట వ్యాపారులకు, నందిగామ నుంచి, చందర్లపాడు నుంచి వచ్చిన తల్లులకు, తండ్రులకు నమస్కారం.

నా పేరు కనకయ్య. కిరాణా హోల్‌సేల్. చదివింది ఏడో తరగతి. మైకు పట్టుకోవడం ఇదే మొదలు. మన సెల్‌ఫోన్ రిపేరు కృపారావు గారు పోయిన మంగళవారం గుండెపోటుతో వెళ్ళిపోయారు. ఆయనకు నలభై తొమ్మిది. నాకు అరవై నాలుగు. ఎవరి సంతాప సభలో ఎవరు మాట్లాడాలండీ?

అమ్మా కృపావతమ్మా, మధ్యలో నేను నవ్వితే తప్పుగా అనుకోవద్దు. ఆయన్ని తలుచుకుంటే ఏడుపూ నవ్వూ ఒకే గుమ్మంలోంచి తోసుకుని వస్తున్నాయి.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు పుట్టింది మా మనోజ్ఞ. ఇప్పుడు దానికి పద్నాలుగు. ఫోన్ కొనిచ్చాను. కొన్న రోజు నుంచీ భయమే. పిల్లల ఫోన్లకు తాళం వేసే యాప్ ఉందని ఎవరో చెప్పారు. అది పెట్టడం నాకేం తెలుసు? ఎవరి చేత పెట్టించాను? మా అమ్మాయి చేతే పెట్టించాను!

నవ్వండి, పర్లేదు. ఆయనా నవ్వారు.

ఆ వారం నుంచి నా ఫోన్‌కు జబ్బు చేసింది. గంటసేపు వీడియోలు చూడగానే తెర మీద ఏదో ఇంగ్లీషులో వచ్చి ఆగిపోయేది. నెట్‌వర్క్‌ను తిట్టాను, బ్యాటరీని తిట్టాను, ప్రభుత్వాన్ని తిట్టాను. ఎనిమిది నెలలు! చివరికి కృపారావు గారి కొట్టుకు పట్టుకెళ్ళాను. ఆయన చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. “ఫోన్ బానే ఉందండి కనకయ్య గారూ. ఆ తాళం యాప్‌లో తండ్రి మీ అమ్మాయి. పిల్లాడు మీరు” అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి దాని ఫోన్ నేలకేసి కొడదామని లేచాను. ఆయన నా భుజం పట్టి స్టూలు మీద కూలేశారు. “మీ తాళం ఎవరి చేతిలో ఉందో ఎనిమిది నెలలు మీకే తెలీలేదు. ఇంక ఆ తాళం పిల్లను కాపాడుద్దా? కూర్చోండి” అన్నారు.

ఆ స్టూలు మీద మీలో ఎంతమంది కూర్చోలేదు చెప్పండి!

నందిగామలో ఒక స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టి, పిల్లల ఫోన్ల గురించి మాట్లాడమని ఆయన్ని పిలిచారు. నేనూ వెళ్ళాను. పాఠం చెబుతారనుకున్నాం. ఆయనేమన్నారు? “అందరూ మీ ఫోన్లు లాకు తీసి పక్కనున్న మీ పిల్లల చేతికివ్వండి. అయిదు నిమిషాలు” అన్నారు. హాలంతా జేబుల మీద చేతులు. మా సతీష్‌బాబైతే ఫోన్ మీద కూర్చున్నాడు. అదిగో, రెండో వరుసలో ఉన్నాడు, అడగండి. అప్పుడన్నారాయన: “చూశారా మీ చేతులు? పిల్లల చేతులూ అంతే. లాక్కుంటే ఇంకోచోట దాస్తారు. వాళ్ళంతట వాళ్ళే తెచ్చి చూపించాలి.”

ఎలా తెస్తారు? అందుకే నాకు ఆ స్టూలు మీద డ్రిల్లు పెట్టారు. ఆయన మా అమ్మాయిలా గొంతు సన్నం చేసి, “నాన్నా, ఒకడు నన్ను బెదిరిస్తున్నాడు” అనేవారు. ఆ మీసాలతో! నేను వెంటనే “ఫోన్ ఇటివ్వు!” అని అరిచేవాణ్ణి. “తప్పు. మళ్ళీ.” “ఎవడాడు? నువ్వెందుకు మాట్లాడావ్?” “తప్పు. మళ్ళీ.” రీచార్జికి వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చుని చూసేవాళ్ళు. భారతీదేవి టీచరు గారైతే పని అయిపోయినా కదిలేవారు కాదు. పందొమ్మిదోసారికి నా నోటికి సరైన మాట వచ్చింది: “చెప్పి మంచి పని చేశావమ్మా. తప్పు నీది కాదు. ఫోన్ నీ దగ్గరే ఉంటుంది. ఏం చెయ్యాలో ఇద్దరం చూద్దాం.”

మర్చిపోతానని ఇంటి వెనక గోడౌన్లో కందిపప్పు బస్తాలకు రోజూ అప్పజెప్పేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది మా అమ్మాయిని అడిగే చెబుతున్నాను. ఎంతవరకు చెప్పొచ్చో అదే చెప్పి పంపింది. మొన్న ఎండాకాలంలో ఒకడు ఆటలో పరిచయమయ్యాడు. ఆడపిల్లనన్నాడు. మామూలు ఫొటో అడిగి తీసుకున్నాడు. దాన్ని పాడుగా మార్చి పంపాడు. ఏమని బెదిరించాడు? “చెప్పినట్టు వినకపోతే మీ నాన్నకు పంపిస్తా” అని.

విన్నారా? వాడి చేతిలో కత్తి లేదు, తుపాకీ లేదు. నేనున్నాను! నా పిల్లను వాడు భయపెట్టింది నన్ను చూపించి! ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా అయ్యా?

మూడు రోజులు అన్నం ముట్టలేదు పిల్ల. నాలుగో రోజు మధ్యాహ్నం గోడౌన్‌కు వచ్చింది. వచ్చి, చెప్పింది. నా లోపల “ఫోన్ ఇటివ్వు” గొంతు దాకా వచ్చింది. మింగాను. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఊపిరి తిప్పుకోకుండా ఆ నాలుగు మాటలూ చెప్పేశాను. అది ఏడుస్తూనే నవ్వింది. “నువ్వు బస్తాలకు చెప్తుంటే రోజూ విన్నా నాన్నా. అందుకే వచ్చా” అంది.

ఆ సంతోషం ఎలా చెప్పనండీ! అది పుట్టిన రోజు కూడా ఇంత సంతోషపడలేదు!

ఇద్దరం కృపారావు గారి దగ్గరికి పరుగెత్తాం. “పైసా ఇవ్వొద్దు, మెసేజీలు చెరపొద్దు, తిరిగి తిట్టొద్దు” అన్నారు. అన్నీ స్క్రీన్‌షాట్లు తీయించి, షట్టర్ దించి, మాతో పోలీసుల దగ్గరికి వచ్చారు. వాడి ఖాతా మూతపడింది. వారం తిరక్కుండా మా అమ్మాయి కూరలో ఉప్పు ఎక్కువైందని వాళ్ళమ్మ పుష్పవతితో పోట్లాడింది. ఆ పోట్లాట వింటూ రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.

అయ్యా, అమ్మా, ఇక లేచి నిలబడదాం. రెండు నిమిషాలు. పిల్లలతో వచ్చినవాళ్ళు పిల్లల పక్కన నిలబడండి. వాళ్ళు ఏదైనా చెప్పడానికి వచ్చినప్పుడు మనం ముందుగా చెయ్యాల్సింది ఇదే. అరవకుండా, అడ్డు రాకుండా, నోరు మూసుకుని నిలబడటం. నాకు పందొమ్మిదిసార్లు పట్టింది. మీరు ఇవాళ మొదలుపెట్టండి.

కృపారావు గారూ, చూడండి. తప్పయితే “మళ్ళీ” అనడానికి మీరు లేరు.

లేవండి.