దగ్గరి గుడి, దూరపు మంచు

“యాప్‌ల నో స్నో అనుంది అమ్మమ్మా, డోంట్ వరీ” అంటున్నవా? పోయిరా బిడ్డా. స్కాట్లండ్ పోతానంటే నేనెందుకు వద్దంట, పన్నెండేండ్లు ఆ గుట్టల నడుమనే ఉంటిమి గద. గని యాప్ ఒక్కటే చూసి కారు తియ్యకు. జర కూసో.

మీ తాత అప్పుడు ఆడ సర్జరీల, అదే ఊరి క్లినిక్‌ల, డాక్టరు. రెండువేల తొమ్మిది... కాదు, పదేమో. కొత్తిమీర కట్టకు గూడ రెండు గంటలు కారుల పోవాలె, గసొంటి ఊరు. చలికాలం నాలుగ్గంటలకే పొద్దుగూకుతది. నేను చాయ్ పట్టుకొని కిటికి కాడ నిలవడుదు. ఎదురుంగ తెల్లటి గుట్ట, దాని ఎనుక నుంచి మెల్లగ చందమామ. చూస్తుంటె చాయ్ సల్లారిపోవు, నాకు సోయే ఉండకపోవు.

అగో, అప్పుడే తాత సర్జరీ నుంచి ఫోన్ చేస్తుండె. “ఏందే, గుడి కట్టిందా? దగ్గరనా, దూరమా?” అని. చందమామ చుట్టు గుండ్రంగ తెల్లగ వస్తది సూడు, గదే గుడి. దూరం గుడి కడితె దగ్గర వాన, దగ్గర గుడి కడితె దూరం వాన అని మా నాయన చెప్తుండె. జగిత్యాలల వానకు చెప్పిన మాట ఆడ మంచుకు పనికొచ్చె.

కేటీ అని గొర్లు కాసేటాయన పెండ్లాం ఉండె. గుట్ట అవుతల ఇల్లు. తొలిసూరు, ఇంక మూడు వారాలుంది. చెకప్‌కొచ్చి మా ఇంట్ల చాయ్ తాగుతుంటె, చందమామకు గుడి కట్టింది. “రేపే మంచు, ఘాట్ రోడ్డు బందయితది, ఈడనే పండు” అన్న. రేడియోల ఎండలే అంటుండ్రని తాత మొత్తుకున్నడు. నేనింటనా? పప్పుచారు పోసి పండవెట్టిన.

తెల్లారి ఎండ ఫెళ్లున కొట్టింది! “ఏదే నీ మంచు?” అని తాత ఒకటే నవ్వుడు. అప్పుడు యాదికొచ్చింది, నిన్నటి గుడి చందమామకు అతుక్కొనే ఉండె. దగ్గర గుడి. నాయన మాట తిరగేసి చెప్పిన బిడ్డా. సిగ్గుతోని సచ్చిపోయిన, ఎవ్వరికి చెప్పలే.

కేటీ సంచి సర్దుకుంటుంటెనే నొప్పులొచ్చినయి, రక్తం పోవుడు షురువైంది. మా ఇంటి నుంచి దవాఖాన పది నిమిషాలు, వాళ్లింటి నుంచైతె గంటన్నర. ఆపరేషన్ చేసి ఆడివిల్లను తీసిండ్రు. తాత ఇంటికొచ్చి కుర్చీల కూలవడ్డడు. “ఆ ఇంట్ల ఉండుంటె ఇద్దరు దక్కకపోదురే” అన్నడు. నాకు ఏడుపాగలే. నేను చెప్పింది తప్పని అప్పుడు ఒప్పుకున్న. నా తల మీద చెయ్యి వెట్టి, “నాకు రాత్రే తెల్సు. కిటికిల నేను గూడ చూసిన” అన్నడు.

తెలిసి గూడ ఉండనిచ్చిండు సూడు. నా మాట కాదనబుద్ధి కాలేదట.

మూడు దినాలకు మంచు వడ్డది, వారం ఆగలే. ఆ పిల్లకిప్పుడు పదిహేనేండ్లు.

తాత పోయి రెండేండ్లాయె. ఈ బర్మింగ్‌హామ్‌ల మీ అమ్మ కిటికిల నుంచి గుట్ట కనవడది, పక్కింటి కప్పే. అయినా నాలుగైతె పోయి నిలవడుత. ఫోనైతె రాదు.

నువ్వొక పని చెయ్యి. రేపు నాలుగ్గంటలకు ఆడ కారు ఆపి, పైకి చూసి నాకు ఫోన్ చెయ్యి. దగ్గరనా, దూరమా అని ఈసారి నేనడుగుత. సల్లగుండు బిడ్డా... స్వెట్టర్ వెట్టుకున్నవా? ఆ నీలంది, తాతది...