నక్షలో లేని చోటు

నేల కింద ముప్పై ఒక్క ఏళ్ళు నడిచినవాడికి నేల మీద దారి తెలుస్తుందా? మొండయ్య తనను తానే ప్రశ్నించుకున్నాడు. జవాబు తెలిసే అడిగిన ప్రశ్న. చెన్నూరు రోడ్డుకు పక్కగా, ఇరవై రెండేళ్ళ కింద మూతబడిన ఏడో నంబరు బొగ్గుబాయి మీద, తుమ్మపొదల నడుమ బోరు బండి ఆగి ఉంది. కరీంనగర్ నుంచి వచ్చిన ఇంజనీరు రచన చేతిలో ఆ బాయి పటం, నక్ష. మొండయ్య చేతిలో కర్ర. వాళ్ళ వెనుక నీళ్ళ సీసా పట్టుకుని స్వరూప, ఆ బాయిలోనే పోయిన అతని తమ్ముడు ఓదెలు భార్య. పొద్దున్నే ఎండ మండుతోంది.

“కాకా, ఇట్ల నిలవడితే పొద్దు పోతది. కింద ఎట్ల నడిచేటోనివో పైన గట్లనే నడువు. లెక్క నేను రాసుకుంట.”

“కింద చీకటుండె బిడ్డా.”

“అయితే కండ్లు మూసుకో.”

“మూసుకుంటె పడ్త.”

“నేను పట్టుకుంట బావా. నడువు.”

“నువ్వెందుకచ్చినవ్ స్వరూపా? బడి లేదా?”

“బడి కోసమే అచ్చిన. హెడ్‌మాస్టరు సారే పొమ్మన్నడు. మేడం కట్టే కొత్త బడికి నీళ్ళు గీడికెల్లే రావాలె గద.”

“బాయి నీళ్ళు ఎవలన్న తాగుతరా?”

“తాగుడు కాదు కాకా, మొన్న చెప్పిన గద. కింద నీళ్ళు ఎండకాలం, చలికాలం ఒక్క తీరుగనే ఉంటయి. వాటిని పైకి తోడి, బడి గోడలల్ల సన్న పైపులు పెట్టి తిప్పుతం. గోడలు చల్లబడ్తయి. వేడెక్కిన నీళ్ళు మళ్ళ బాయిలకే పోతయి. కప్పు మీద సోలార్ పలకలు, మోటరు వాటితోనే నడుస్తది. నడుమ ఎత్తుగ ఒక గాలి గోపురం, లోపలి ఉడుకంతా అందులకెల్లి పైకి పోతది. పొగ లేదు, బొగ్గు లేదు.”

“బొగ్గు తీసిన బాయి, బొగ్గు లేకుంట బడి నడుపుతదన్నట్టు.”

“అంతే కాకా.”

“గింత పరేషాన్ ఎందుకు? ఏసీలు పెట్టియ్యరాదు?”

“ఏసీ లోపలి వేడి తీసి బయట పోస్తది. వంద ఏసీలు పెడితే మీ కాలనీ ఇంకింత కాలుతది. ఒకరి చల్లదనం ఇంకొకరి మీద పడొద్దు. నేను గీసిందంతా గా ఒక్క మాట కోసమే.”

“మంచి మాటనే.”

“ఏప్రిల్‌ల ఇద్దరు పిల్లలు ప్రార్థన కాడ్నే పడిపోయిండ్రు బావా. మూడో తరగతి పిల్లను నేనే ఎత్తుకపోయిన. ఒళ్ళు పెంక లెక్క కాలుతుండె. మేడం నీళ్ళు తీస్తదంటె నేను బండి కింద పండుమన్నా పంట.”

“గంత పని వద్దు అక్కా. కాక నడిస్తె చాలు. మూడు బోర్లకే పర్మిషన్. రెండు అయిపోయినయి, రెండిట్ల ఇసుకే. నక్షల ఖాళీ అని ఉంది, కిందికి పోతే ఇసుక! ఇయ్యాల మూడోది. ఇందుల నీళ్ళు పడకపోతే పొద్దుమీకి బండి వాపస్ పోతది, ఫైలు మూస్తరు.”

“ఇసుక నింపిండ్రు. బాయిల నీళ్ళు దుంకిన గా గొడవ అయినంక. పన్నెండో లెవెల్ దాక.”

“నీకు తెల్సా? మరి మొదటి బోరు వేసిననాడు చెప్పలేదేంది?”

“నువ్వు అడగలే.”

“అడిగిన కాకా! ఇదే కర్ర పట్టుకొని బండి పక్కనే నిలవడ్డవు.”

“అడిగితివా? యాదికి లేదు.”

“బావ తోని మాట తీసుడంటె బండకెల్లి నీళ్ళు తీసుడే మేడం. ఇరవై రెండేండ్ల సంది గింతే. ఉప్పు సాలదా బావా అంటె, సూద్దాం అంటడు.”

“నడుస్తున్న. నడుస్తున్న. బాయి మూతి గీడ. మైసమ్మ గద్దె గీడ, కొబ్బరికాయ కొట్టి దిగేటోళ్ళం. గీడికెల్లి తోవ వాలుగ దిగుతది. అరవై అంగలకో అడ్డతోవ. దాన్నే లెవెల్ అంటం. రాసుకో. ఒకటి.”

“ఒకటి.”

“రెండు. గీడ వంగి నడవాలె.”

“పైన ఉన్నం కాకా, వంగకు.”

“నడుము వంగుతది, నేనేం చేద్దు. మూడు.”

“కర్రతోని నేలను కొడ్తున్నవేంది? ప్రతి లెవెల్ కాడ మూడు సార్లు.”

“అలవాటు.”

“గది బాయి మనుషుల రివాజు మేడం. కప్పు కూలి అవతల చిక్కుకున్నోడు బండ మీద మూడు దెబ్బలు కొడ్తడు. ఇన్నోడు మళ్ళ మూడు కొట్టాలె. ఉన్న, ఇంటున్న అని. మా ఆయన ఇంటికచ్చినా గంతే, తలుపు మీద మూడు కొట్టేటోడు. నేను లోపలికెల్లి మూడు కొట్టేదాక లోపలికి రాకపోయేటోడు. ఇది ఇల్లా, బాయా అని మా అత్త తిట్టేది.”

“స్వరూపా, లెక్క తప్పుతది.”

“నేనేమన్న? నడువు.”

“తొమ్మిది... పది... పదకొండు... పన్నెండు. గిదే.”

“ఇక్కడ రాయి పెట్టింది ఎవరు?”

“నేనే మేడం. ఆయన గీ కిందనే. శవం దొరకలే గద. బావనే చోటు చూపిచ్చిండు. యేటా పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు గీడ బువ్వ పెట్టిపోత.”

“అయ్యో అక్కా. మొదటి బోరు ఈ రాయికి పది అడుగుల దూరంలనే వేసినం. నాకు తెలియదు.”

“నాకు తెల్సు. గా నాడు గీడ్నే నిలవడి చూసిన. తడి ఇసుక ఎల్లింది. అందుల ఏమన్న ఎల్లుతదేమో అని చూసిన. ఇసుకనే. ఏడుపు రాలే. ఏమీ రాలే.”

“ఇగ అయిపాయె బిడ్డా. తోవ గీడికే ఖతం.”

“కాలేదు. ఇది చూడు కాకా. నిన్న మధ్యాహ్నం చిన్న విమానం ఎగరేసినం గద, రెక్కల నిండ సోలార్ ఉన్నది.”

“చూసిన. గద్ద లెక్క సప్పుడు లేకుంట తిరిగింది. ఎండనే తిని ఎగురుతదట గద. మంచి పిట్ట.”

“ఆ పిట్ట తీసిన ఫొటో ఇది. ఎర్రది వేడి నేల. నీలంది చల్లని నేల. ఇగో, ఇక్కడికెల్లి ఇంకో నాలుగు లెవెల్లంత దూరంల ఒక నీలం గీత. పోయి చూసొచ్చిన. నేల నలభై అడుగుల పొడుగు పగిలింది. పగుల్లకెల్లి చల్ల గాలి వస్తుంది. అంటే కింద ఖాళీ ఉంది. నక్షల లేదు. ఎవరు తవ్విండ్రు?”

“వాగు ఊట కావచ్చు.”

“ఊట గాలి ఇడుస్తదా కాకా?”

“ఎలుక బొక్క.”

“నలభై అడుగుల ఎలుక బొక్క!”

“అడవి పందులు గిట్ల—”

“బావా.”

“ఏంది?”

“మేడం పన్నెండు అడుగుతలేదు. పన్నెండు అవతల అడుగుతుంది.”

“అవతల బొగ్గు.”

“బొగ్గుకు చల్లగాలి ఎట్ల అస్తది?”

“నాకేం ఎరుక.”

“నీకు ఎరుకే. నా మొఖం చూడు బావా. పిల్లల ముచ్చట ఇది. ఎరుక లేదంటే ఎరుక లేదని ఒక్కసారి చెప్పు, బండిని పొమ్మందాం.”

“పదమూడు.”

“ఏమన్నవు?”

“రాసుకో బిడ్డా. పదమూడు. నడువుండ్రి.”

“నక్షల పన్నెండే—”

“నక్ష గీసినోడు దిగలే. పద్నాలుగు. గీడ ఎడమకు జరగాలె, బండ ఉండె. పదిహేను. పదహారు. నీ నీలం గీత గిదే గద?”

“ఇదే. కాకా, కాళ్ళ కిందనే పగులు. అడుగు కూడ తప్పలే!”

“గీడికి ఎవలు అచ్చేటోళ్ళు బావా?”

“పన్నెండు అవతల పాత బాయి నీళ్ళున్నయి, లైన్ దాటొద్దని రాతల ఉండె. గాని బొగ్గు మంచిగుండె. పోండ్రి అని బాయి మేనేజరు, పెద్ద సారు, నోటితోని చెప్పిండు, రాతల పెట్టలే. ఇద్దరం అచ్చేటోళ్ళం.”

“ఇద్దరంటె?”

“బండి గీడ పెట్టు బిడ్డా. మూడు వందల అడుగుల లోపలనే తగుల్తది.”

“బావా, ఇద్దరంటె?”

“నేను. ఓదెలు.”

బండిని పగులు దగ్గరికి తెచ్చి బోరు మొదలుపెట్టారు; గంటన్నర తవ్వింది. మొండయ్య పక్కనే నేల మీద కూర్చున్నాడు. నడుమ రాడ్డు మార్చడానికి బండి ఆగినప్పుడు స్వరూప అడిగింది.

“ఆయన పన్నెండో లెవెల్ల పంపు కాడ ఉండెనని చెప్పినవు.”

“చెప్పిన.”

“ఎంక్వయిరీల సంతకం పెట్టినవు.”

“పెట్టిన.”

“నా చెయ్యి పట్టుకొని చెప్పినవు.”

“ఔ.”

“నువ్వెట్ల బతికినవు?”

“కప్పుకు పెట్టేటందుకు కట్టెలు కావాలంటె నేను పైకచ్చిన. పాత బాయి గోడ పగిలి నీళ్ళు దుంకినయి. తమ్ముడు గీడ్నే ఉండె. లైన్ దాటి సచ్చినోని ఇంట్ల కొలువు ఇయ్యరన్నడు సారు. నీ పొట్టల పిల్ల ఉండె. సచ్చినోడు యాడ సస్తేంది, పన్నెండని చెప్పు అన్నడు. చెప్పిన.”

“అందుకే నాకు కంపెనీ బడిల కొలువు దొరికింది.”

“ఔ.”

“సచ్చిండని నీకెట్ల ఎరుక?”

“గన్ని నీళ్ళు దుంకితె ఎవలు బతుకుతరు? మొదటి నాడు గట్లనే అనుకున్న.”

“మొదటి నాడు?”

“బండి సప్పుడు ఎక్కువుంది స్వరూపా, మళ్ళ—”

“బండి ఆగే ఉంది బావా.”

“అక్కా, కాకా, ఇంకో రాడ్డు దింపుతున్నం, జర దూరం జరగుండ్రి! రెండు వందల ఎనభై... ఎనభై ఐదు... జారింది! రాడ్డు జారింది! పది అడుగులు ఖాళీ! కింద నీళ్ళు! కాకా, నీళ్ళున్నయి! బడి కడ్తున్నం!”

“మేడం, సప్పుడు బంద్ చేయించు.”

“ఏమైంది అక్కా? దొరికింది గద.”

“దొరికింది. సప్పుడు బంద్ చేయించు. బావా, రెండో నాడు ఏమైంది?”

“అందరు పన్నెండో లెవెల్ల దేవులాడుతుండ్రు. నేను జర పక్కకు పోయి చెవు బండకు ఆనిచ్చిన.”

“ఆనిస్తె?”

“కొట్టుడు ఇనవడ్డది.”

“ఎన్ని?”

“మూడు. ఆగి, మళ్ళ మూడు.”

“కట్టెలు ఇరిగిన సప్పుడేమో.”

“గట్లనే నాకు నేను చెప్పుకున్న. కట్టెకు లెక్క రాదు స్వరూపా.”

“నువ్వు కొట్టినవా?”

“మంది మస్తుండ్రి గాడ—”

“మూడు కొట్టినవా, లేదా?”

“కొట్టలే.”

“ఎందుకు?”

“సారు వెనుకనే ఉండె. జవాబు కొడ్తె నిన్నటి మాట అబద్ధమైతది. పొద్దుగాల ఇన్న. మధ్యాహ్నం చెప్దామనుకున్న. మధ్యాహ్నానికి ఆగింది.”

“కాకా... అప్పుడు ఇక్కడ ఒక్క బోరు వేసి ఉంటే...”

“గాలి అందేది. బువ్వ అందేది. తెల్సు బిడ్డా. గంటన్నర పని అని ఇయ్యాల కండ్లతోని చూసిన. గందుకే నీకు మొదటి బోరు నాడు చెప్పలే. రెండో బోరు నాడు చెప్పలే.”

“అక్కా, కూసో. ఇన్ని నీళ్ళు తాగు. నేను ఈ బోరు మూయిస్త. ఇక్కడ పైపులు పెట్టను. నా చేత కాదు.”

“ఎందుకు మూస్తవు?”

“కింద ఆయన ఉన్నడు గద అక్కా.”

“ఉన్నడు. ఇరవై రెండేండ్లు నేను ఇసుకకు బువ్వ పెట్టిన మేడం. ఇగ పెట్ట. పిల్లలు కూసునే గోడకు గీ నీళ్ళే రావాలె. వేరే బోరు లేదు నీకు.”

“అక్కా, నువ్వు ఏడ్వు. ఏడిస్తే మంచిది.”

“ఏడుపు ఆయన కొట్టుడు ఆగిననాడే రావాల్సింది. నాకు ఎవలు చెప్పలే. గిప్పుడు అస్తలేదు. గా రాడ్డు కిందిదాక ఉన్నదా మేడం?”

“ఉంది. ఇంకా పైకి తియ్యలే.”

“నీళ్ళను ముట్టిందా?”

“ముట్టింది.”

“పైన కొడ్తె సప్పుడు కిందికి పోతదా?”

“ఇనుము అక్కా. పోతది.”

“గా సుత్తె ఇటియ్యి. బావా, లే. పట్టుకో.”

“స్వరూపా, నేను నీకు ఏమని—”

“నాకు ఏం చెప్పకు. నేను నిన్ను ఏమడగలే. కిందికెల్లి అడిగినోనికి చెప్పు.”

మొండయ్య లేచాడు. మూడు కొట్టి, చెవి ఇనుముకు ఆనించాడు.