తగినంత ఉప్పు

మా వీధి దర్జీ ఏ చొక్కా కుట్టినా లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదులుతాడు, రేపు మనం లావెక్కితే విప్పుకోవచ్చని. ఆయన మాటలకి ఆ మడత ఉండదు. మొత్తం ముందే విప్పేసి ఉంటుంది.

ఆస్పత్రిలో నర్సుగా చేసే వాళ్లావిడకి ఈ వారం రోజూ రెండేసి డ్యూటీలు. పొద్దున వెళ్తూ ఒక్కటే అడిగిందట: "సాయంత్రం వచ్చేసరికి వేడిగా ఏదైనా వండి ఉంచండి. ఏదైనా చాలు." సాయంత్రమైంది. ఆయన వంటింట్లో లేడు. టీకొట్టు బల్ల మీద ఉన్నాడు, వేలికి గుడ్డపీలిక చుట్టుకుని.

"వేలికేమైంది?" అన్నాడు మంగలి.

"దానిదేముందిలే. పొద్దున ఫోన్‌లో ఒక సూప్ చూశాను. ఎవరో ఆవిడ పెట్టింది. క్యారెట్లు రెండు, బంగాళాదుంప ఒకటి, నీళ్లు నాలుగు గ్లాసులు, ఉప్పు తగినంత. చూడగానే తెలిసిపోయింది, భుజాల దగ్గర బిగువు, నడుం దగ్గర వదులు. ఇచ్చింది ఇచ్చినట్టు కుట్టడానికి దర్జీ ఎందుకు? క్యారెట్లు విప్పేసి గుమ్మడికాయ అతికించాను. నీళ్లు ఒక గ్లాసు కురచ చేశాను."

"ఉప్పో?"

"తగినంత అనేది ఒక కొలతేనా? చొక్కాకి తగినంత గుడ్డ అని ఎవరైనా రాస్తారా? నా లెక్క ప్రకారం వేసి, మడతకని ఇంకో గుప్పెడు వదిలాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసనకి ఎదురింటి ముసలాయన, ఆరు నెలలుగా మంచం దిగనివాడు, గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు."

"ఆయన నిన్ననే నడిచొచ్చి నా దగ్గర గడ్డం గీయించుకున్నాడే."

"గడ్డానికి దిగుంటాడు, ఆకలికి దిగలేదు. మధ్యలో ఆపకు. నేను చేసిన మార్పులు ఆవిడ వంటకం కిందే రాసిపెట్టాను. చదివి, తనది తీసేసి నాది పెట్టింది. మధ్యాహ్నానికి నలభై దేశాలవాళ్లు వండేసుకున్నారు. ఒక ఓడలో వంటవాడైతే నడి సముద్రం నుంచి ఫోన్. 'అయ్యా, మీ సూప్ ఒక గరిటె ఒలికి సముద్రంలో పడింది. ఇన్నాళ్లూ సముద్రంలో ఉప్పు చాల్లేదని ఇప్పుడు తెలిసింది' అన్నాడు. చేపలు ఓడ వెనకాల వరస కట్టాయట. గిన్నెలతో."

"చేపలకి గిన్నెలెక్కడివి?" అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూనే.

"అదే నేనూ అడిగాను. లైను కట్టయింది."

ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో పస లేదు. మాటమాటకీ వీధి చివరకి చూస్తున్నాడు. వాళ్లావిడ అటువైపు నుంచి రాలేదు. ఇటునుంచి వచ్చి, ఆయన కథలో గుమ్మడికాయ అతికిస్తున్నప్పుడే బల్ల చివర కూర్చుని, చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. ఆవిడ వచ్చిందని మేం చెప్పొచ్చు. కథ మంచి పట్టులో ఉందని ఊరుకున్నాం.

"నలభై దేశాలు తిన్నాయి, చేపలూ తిన్నాయి. సరే," అందావిడ. "నాకొక గిన్నెడు మిగిలిందా అండీ?"

ఆయన తిరిగి చూశాడు. వేలికున్న గుడ్డని సవరించాడు.

"తగినంత అని రాసింది గానీ, ఎవరికి తగినంతో రాయలేదు మరి."

"తినేది ఇద్దరం. ఉన్నది ఉన్నట్టు వండితే చాలు కదా."

"ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రావాలి కదమ్మా," అన్నాడు టీకొట్టాయన.

దర్జీ నేల చూస్తూ చెప్పాడు. "నోట్లో పెట్టలేకపోయాను. ఇంకాసేపు మరిగిస్తే ఉప్పు విరుగుతుందనుకున్నాను. ఇంకా ఎక్కువైంది, అడుగంటింది. దించబోతే వేలు కాలింది. కుట్టయితే విప్పొచ్చు, ఉప్పు ఎలా విప్పాలో తెలీలేదు. గిన్నె నానబెట్టి ఇటొచ్చాను."

అంతే. ముసలాయన లేడు, ఓడ లేదు. ఇంత పొట్టి కథ ఆయన నోట మేమెప్పుడూ వినలేదు.

ఆవిడ రెండు బన్నులు, రెండు టీలు చెప్పింది. ఆయన చెయ్యి ఒళ్లోకి లాక్కుని, పీలిక విప్పి, దీపం వెలుగులో వేలు చూసింది.

"ఇప్పుడు చెప్పినదానికి సరిపోయిందండీ ఉప్పు," అంది.