మూడో కట్టె

కట్టెల అడితిలో ఒంటికాలి బావ కళ్ళకు కండువా కట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. బావమరిది గొడ్డలి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"ఈ కట్టె ఏ చెట్టుదో చెప్పు బావా."

"తుమ్మ. బరువే చెబుతోంది."

"మరి ఇది?"

"మామిడి. బెండులా తేలిపోతోంది. నిన్న చింత అని అంటగట్టబోయావే, అదే!"

"కొనేవాళ్ళ ముందు నా పరువు గంగలో కలిపావు."

"మామిడిని చింత అనమంటావా? నా నోట రాదు."

"వద్దులే. ఇప్పుడొకటి నరుకుతా, చప్పుడు విను."

"అబ్బ! ఒక్క దెబ్బకి రెండు ముక్కలైంది. ఇలా ఇవ్వు... టేకు. ఏళ్ళ తరబడి ఎండింది. పైన చెయ్యి రాసి రాసి నున్నబడింది. చెమట వాసన కూడా వేస్తోంది. టేకుని పొయ్యిలోకి నరికే దద్దమ్మ ఎవడ్రా?"

"నేనే. ఇదిగో రెండో ముక్క. దీని చివర గుడ్డ చుట్టి ఉంది, తడిమి చూడు."

"ఈ కుట్టు మీ అక్కది... ఒరేయ్, ఇది నా చంకకర్ర!"

"మూడూ సరిగ్గా చెప్పావు బావా. నీ అంత పనిమంతుడు లేడు. ఇక లే, ఇంటికి నడువు."