రాతి అల్పాకాకు పెట్టిన ముద్ద

సభకు అధ్యక్షత వహిస్తున్న శ్యామ్‌సుందర్ గారికి, మా చర్చి పాస్టరు దైవాశీర్వాదం గారికి, ఇంత మంచులో అరోరా దాకా డ్రైవ్ చేసుకుని వచ్చిన పెద్దలకి, స్నేహితులకి, వెనక వరసల్లో సమోసాల వాసన పట్టి ఈ ఆంటీ ఎప్పుడు ఆపుతుందా అని చూస్తున్న పిల్లలకి, నవోమి నమస్కారాలు. (నవ్వులు)

శాలువా కప్పుతూ శ్యామ్‌సుందర్ గారు నా చెవిలో, "అమ్మా, ఆ మ్యూజియం గొడవ మాత్రం ఎత్తకండి" అన్నారు. నేను వచ్చిందే అది చెప్పడానికి. మీరు కూర్చోండి సార్. (నవ్వులు)

ఇన్నేళ్ళూ నేపర్‌విల్‌లో రైలెక్కి, షికాగోలో దిగి, ఆ మ్యూజియంలో పాత వస్తువులు పాడవకుండా చూసే ఉద్యోగం చేశాను. అలాంటి మనిషి రిటైరైతే ఆఫీసులో కేక్ కోస్తారు. నాకు కోయలేదు. ఎందుకో మీలో చాలామందికి తెలీదు.

అక్కడ ఒక గాజుపెట్టెలో అరచేతిలో పట్టేంత రాతి అల్పాకా ఉంది. అల్పాకా అంటే పెరూ కొండల్లో క్వెచువా వాళ్ళు ఉన్ని కోసం పెంచుకునే జీవం, గొర్రెకన్నా మెడ పొడుగు. ఆ బొమ్మ వీపులో చిన్న గుంట. నేను చేరకముందు ఎవరో ఆ గుంటలో ఉన్న నల్లటి జిడ్డును మురికి అనుకుని శుభ్రంగా కడిగేశారు. పక్కన "అంతరించిన ఆచారం" అని బోర్డు కూడా పెట్టారు.

ఎనభైమూడు ఆగస్టులో, నేతపని చూపించడానికి కుస్కో కొండల నుంచి సెబస్తియానా అనే క్వెచువా ఆవిడ మా దగ్గరికి వచ్చింది. ఆ పెట్టె ముందు ఆగిపోయి, నా వచ్చీరాని స్పానిష్‌కి అందేలా నిదానంగా, "దీనికి తిండి ఎవరు పెడుతున్నారు?" అని అడిగింది. ఎవరూ పెట్టరన్నాను. పసిపిల్లని గదిలో పెట్టి తాళం వేశామని విన్నట్టు చూసింది నా వంక.

వాళ్ళ ఇంట్లో ఇలాంటి రాళ్ళను నేతగుడ్డలో మూటకట్టి దాచుకుంటారట. మంద పెరగడం, తరగడం ఆ రాళ్ళ చేతుల్లోనే ఉంటుందట. ఆగస్టు వస్తే భూమితల్లి నోరు తెరుస్తుంది. పచమామ అంటారు ఆవిడని. ఆవిడకీ, ఊరిని కనిపెట్టుకుని ఉండే కొండలకీ, ఈ రాళ్ళకీ పెట్టాకే మిగతా పనులు. నేను బోర్డు చదివి వినిపిస్తే, "మా అమ్మ ఈ నెలలో కూడా పెడుతోందే, అంతరించిందెక్కడ?" అంది.

తాళం నా దగ్గరే ఉంది. తీశాను.

ఆవిడ ముందు శిలువ గుర్తు వేసుకుంది. అవును పాస్టరు గారూ, ఆవిడా యేసుప్రభువుని నమ్మిన మనిషే. తర్వాత సంచిలోంచి అల్పాకా కొవ్వు తీసి, దానిమీద ఊపిరి ఊది, తమ కొండను పేరుపెట్టి పిలిచి, ముద్దచేసి ఆ గుంటలో పెట్టింది.

మర్నాడు మా హెడ్ పిలిచి తుడిచేయమన్నాడు. కొవ్వు వల్ల రాయి పాడవుతుందట! తరతరాలు కొవ్వు తిని బతికిన రాయండీ అది. తుడవనన్నాను. ఆ పెట్టె నా బాధ్యతలో ఉన్నంతకాలం ఎవర్నీ ముట్టనివ్వలేదు. ప్రమోషన్ పోయింది. ఇప్పుడు గడువు కాకుండానే రిటైరవమన్నారు. పోయేముందు దాన్ని తుడిచి, తప్పయిందని ఒక్క మాటంటే పెద్ద పార్టీ ఇస్తామన్నారు. ఆ కేక్ మీరే తినండని చెప్పి వచ్చేశాను. (చప్పట్లు)

చప్పట్లు ఆపండి, మీ సంగతి కూడా ఉంది. రాధారాణి గారు, "ఏం నవోమీ, చివరికి మా దారికే వచ్చావు, రాయికి నైవేద్యం పెట్టించావు" అని ఫోన్ చేసి ఏడిపించారు. (నవ్వులు) నేను ఎవరి దారికీ రాలేదండీ. పాస్టరు గారేమో మూడు ఆదివారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయ్యగారూ, మా అమ్మ దీనమ్మ కోతపండగకి తొలి కంకులు మోసుకెళ్ళి చర్చిలో పెట్టేది. దేవుడికి ఆకలేస్తోందనా? ఇచ్చినవాళ్ళని మరిచిపోయి ముందు మనం తినకూడదని. ఆ సంగతి సెబస్తియానాకి తెలుసు, మా అమ్మకీ తెలుసు. అది మూఢనమ్మకమని ఎవరన్నా నేను ఒప్పుకోను, మీరన్నా సరే.

మొన్న శుక్రవారం తాళం ఇచ్చేశాను. సోమవారం ఆ ముద్దని తుడుస్తారట. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. కానీ తాళం లేకపోతేనేం, టికెట్ కొనుక్కుంటాను. తలుపులు తీసేసరికి ఆ పెట్టె ముందుంటాను. తుడిచేవాళ్ళు నా ముఖం చూస్తూ తుడవాలి. తుడిచినా, ఆగస్టులో మళ్ళీ వస్తానని అక్కడే చెప్తాను. ఆగస్టు ప్రతి ఏడూ వస్తుంది కదా.

ఓపిగ్గా విన్నందుకు, ఈ శాలువాకు, మీ అందరికీ కృతజ్ఞతలు. సోమవారం ఇదే కప్పుకుని వెళ్తాను. మ్యూజియంకి సెలవు చెప్పాను గానీ, ఆ రాయికి చెప్పలేదు. మీకు మాత్రం, సెలవు.