నెవెంకా బూరా గాలితో ఆడిన ఫైనల్

ఆదివారం మా క్లబ్బుకీ ఎదుటి దీవి క్లబ్బుకీ టెన్నిస్ పోటీ. ఈమధ్య ఏటేటా వాళ్ళే గెలుస్తున్నారు. గెలిచి ఊరుకోకుండా పడవెక్కుతూ మాకు చేతిరుమాళ్ళు ఊపి మరీ పోతున్నారు. ఈసారి ఆడా మగా కలిసి ఆడే జోడీలో మా తరఫున దిగాల్సినావిడ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ చోటు ఎవరికిస్తారో శుక్రవారం చీకటి పడేలోపు కెప్టెన్ లూత్సే చెప్పాలి. మందులషాపు వాళ్ళ కోడలికి ఇద్దామని లూత్సే మనసులో ఉంది. ఆ చోటు నాదేనని నెవెంకా పట్టు పట్టింది.

నెవెంకా అంటే ఆషామాషీ మనిషి కాదు. యుగోస్లావియా ఉన్న రోజుల్లో దేశం మొత్తానికి ఛాంపియన్. క్లబ్బు అద్దాల బీరువాలో ఉన్న కప్పుల్లో సగానికి పైగా ఆవిడవే, మిగతావాటిలో చాలామటుకు ఆవిడా లూత్సే ఆడవాళ్ళ జోడీగా గెలిచినవి. కాకపోతే ఇప్పుడు డెబ్బై దాటాయి, కుడి మోకాలు మాట వినడం మానేసింది. ఆ ముక్క ఆవిడ మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు, లూత్సేకి కూడా లేదు. క్లబ్బులో కాఫీ కొట్టు నాదే కాబట్టి ఆ సాయంత్రం పైన్ చెట్ల కింద జరిగిందంతా నా కళ్ళ ముందే జరిగింది.

"మోకాలు మోకాలు అని చెవులు కొరుక్కుంటున్నారట," అని మొదలుపెట్టింది నెవెంకా, ఎవరూ ఏమీ అనకముందే. "ఈ మోకాలితోనే నేను ఫైనల్ గెలిచాను. పెద్ద విషయమేం కాదులెండి. కొంచెం గాలి ఉంది, కాలు కొంచెం బెణికింది, అయినా గెలిచాను. అంతే."

"ఏ ఫైనల్ అక్కా?" అన్నాడు సార్డీన్ చేపలు పట్టే బేపో. వాడు అడక్కుండా ఉంటే ఆ మాట అక్కడితో ఆగేది.

"ఏ ఫైనలేమిట్రా, దేశం ఫైనల్! ఇదే ఊరు, ఇదే కోర్టు. సుబోతిత్సా నుంచి ఎర్జెబెట్ అని ఒకావిడ వచ్చింది, తాడిచెట్టంత మనిషి. ఆవిడకి ముగ్గురు కోచ్‌లు. నాకెవరున్నారు? చేపల డబ్బాల ఫ్యాక్టరీ గోడ ఉంది. చిన్నప్పట్నుంచీ దాని మీదికే కొట్టేదాన్ని, రోజూ స్కూలు కాగానే కొట్టి కొట్టి చివరికి గోడే ఓడిపోయింది, ఇంత కన్నం పడింది. లోపల పనిచేసే ఆడవాళ్ళు ఆ కన్నంలోంచే బంతులు తిరిగి ఇచ్చేవాళ్ళు, ఒక్కోసారి బంతికి బదులు చేప కూడా వచ్చేది, అది కూడా కొట్టేదాన్ని, ఆటలో పట్టింపులేమిటి? సరే, ఫైనల్ రోజు పొద్దున్నే కొండ మీంచి బూరా గాలి దిగింది. ఇప్పుడు మీరు చూస్తున్న పిల్లగాలులు కావవి. అప్పటి బూరా మేకల కొమ్ముల వంకర్లు కూడా సాపు చేసేది."

"మా తాత కూడా చెప్పేవాడు," అన్నాడు బేపో.

"అవి మీ తాత మేకలే. అంపైరు జాగ్రెబ్ నుంచి వచ్చినాయన, పాపం బూరా మొహం ఎరగడు. ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్నాడు, ఎండగా ఉందని గొడుగు విప్పాడు."

"అయ్యయ్యో," అన్నాడు పళ్ళ డాక్టరు డింకో.

"విప్పడమేమిటి, లేచిపోవడమేమిటి! చేపల బజార్లో దిగాడు. అక్కణ్ణుంచే అరిచి స్కోరు చెబుతానన్నాడు, నేను ఒప్పుకోలా, పద్ధతి పద్ధతే కదా. మోసుకొచ్చి కుర్చీతో సహా ఆ పైన్ చెట్టుకి పడవ మోకుతో కట్టేశాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సర్వీసు నాది. కొట్టాను. బంతి నెట్ దాటి ఎర్జెబెట్ ముందు పడింది, ఆవిడ రాకెట్ ఎత్తేలోపు బూరా దాన్ని అటునుంచటే ఎత్తుకుని మళ్ళీ నా వైపు తెచ్చి పెట్టింది. నేనేం చెయ్యను? మళ్ళీ కొట్టాను. మళ్ళీ తెచ్చింది. అలా మొదటి సెట్టంతా నాతో నేనే ఆడుకున్నాను బాబూ. ఎర్జెబెట్ చూసి చూసి విసుగొచ్చి స్వెట్టరు అల్లుకోవడం మొదలుపెట్టింది, సెట్టు అయ్యేసరికి ఒక చెయ్యి పూర్తయింది."

"మరి ఆ సెట్టు ఎవరు గెలిచినట్టండీ?" అన్నాడు డింకో.

"ఎవరు గెలుస్తారు డాక్టరు గారూ, నేనే. ఓడింది కూడా నేనే అనుకోండి, కానీ కొద్దిలో ఓడాను."

లూత్సే మాత్రం నవ్వలేదు. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. నెవెంకా చెబుతున్నది మాకు కాదు, ఆవిడకే. అది మా అందరికీ తెలుసు.

"రెండో సెట్టులో బంతి కోసం వెనక్కి పరిగెత్తానా, ఫట్‌మంది. చూసుకుంటే కాలికి మోకాలి చిప్ప లేదు! ఊడిపోయి ఆ గీత దగ్గర పడుంది. 'పాపం, ఇక ఆపేద్దాంలే' అంది ఎర్జెబెట్. పాపమట! ఆ మాట అన్నాక ఎవరైనా ఆపుతారా? చిప్ప ఏరుకుని, మట్టి దులిపి, జేబులో వేసుకుని వచ్చి నిలబడ్డాను."

"మన ఆట గౌన్లకి జేబులెక్కడివే?" అంది లూత్సే, మొదటిసారి నోరు విప్పి.

"నీ గౌనుకి లేవు. నేను కుట్టించుకున్నాను, ముందుచూపు ఉండాలి. నొప్పి లేదా అంటే ఉంది, పట్టపగలే చుక్కలు కనపడ్డాయి. కానీ నొప్పి పని నొప్పి చేసుకుంటుంది, నా పని నేను చేసుకుంటాను. నేను కుంటుతున్నానని ఆవిడ కనిపెట్టి, బంతిని కావాలని పైకి లేపింది. లేచింది, ఇంకా లేచింది, కనపడకుండా పోయింది. కింద పడేదాకా పాయింటు ఎవరిదో చెప్పలేనన్నాడు అంపైరు. న్యాయమే కదా. ఎంతసేపని నిలబడతాం? జనం ఇళ్ళకి పోయి భోంచేసి వచ్చారు. నేనూ వెళ్ళి సార్డీన్లు వేయించి, మా ఆయనకి పెట్టి, గిన్నెలు తోమి, రాత్రికి ఆకుకూర తరుగుతూ ఉన్నాను. పైనుంచి ఈల వినపడింది. ఇంకేముంది, అదే బంతి! కత్తి అక్కడే వదిలేసి, జేబులో చిప్ప టకటకలాడుతుంటే పరిగెత్తుకొచ్చి, అది నేలకి దిగకుండానే ఒక్కటిచ్చాను."

"బావగారు ఆ రోజుల్లో ఓడ మీద ఉండేవారు కదక్కా, ఇంట్లో భోజనానికి ఎక్కణ్ణుంచి వచ్చారు?" అన్నాడు బేపో.

"ఓడ మీంచే వచ్చాడు. నడుస్తున్న ఓడ మీంచి దూకి, తిని, మళ్ళీ ఎక్కాడు. ఆయనకి నా సార్డీన్లంటే ఎంత ఇష్టమో నీకేం తెలుసు? మాటకి అడ్డం రాకు. ఆఖరి పాయింటుకొచ్చాం. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. బంతి నెట్ దాటింది, ఎర్జెబెట్ని దాటింది, ఊరు దాటింది, సముద్రం దాటి ఇటలీలో పడింది. అంకోనాలో చర్చి గంట మోగితే ఇక్కడ అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. ఆ గంటకి తగిలి వెనక్కి తిరిగొచ్చి, సరిగ్గా ఆ చివరి గీత మీద పడింది. బయట పడిందని ఎర్జెబెట్ గొడవ. ఎర్రమట్టి కోర్టు కదా, బంతి అచ్చు పడుతుంది, అబద్ధమాడదు. అంపైర్ని చెట్టు నుంచి విప్పి అచ్చు చూసి చెప్పమన్నాం. వంగి చూశాడు. ఇంకా వంగాడు. ఉన్నట్టుండి అందులో పడిపోయాడు! టోపీ కూడా కనపడలా. ఎక్కడో లోతులోంచి గొంతు మాత్రం వినిపించింది, 'గీత మీదే పడిందీ' అని. ఎంత నిజాయితీపరుడో పాపం!"

బేపో బల్ల చరిచి చరిచి నవ్వాడు. డింకో కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేను కొట్టులోంచి నవ్వుతూనే ఇంకో కాఫీ పెట్టాను. నెవెంకా మాత్రం నవ్వకుండా లూత్సే వైపు తిరిగింది.

"నవ్వితే నవ్వారు. నన్ను ఆదివారం ఆడించు లూత్సే. ఆ మందులషాపు పిల్ల బాగానే కొడుతుంది, కాదనను. కానీ రెండు పాయింట్లు పోతే మొహం వేలాడేస్తుంది. నేనెప్పుడైనా అలా చేశానా?"

"లేదు," అంది లూత్సే.

"మరి? ఆ దీవి వాళ్ళు రుమాళ్ళు ఊపుతుంటే నేనిక్కడ కూర్చుని చూడలేను. నాకు చేతకాదే. ఓడిపోతే కోర్టులో ఓడిపోతాను, ఇక్కడ కాదు."

లూత్సే కప్పు కింద పెట్టింది.

"గొడుగు నమ్మాను నెవెంకా. జేబులో చిప్పా నమ్మాను, గంటా నమ్మాను. కానీ ఇవాళ మేం ఎవ్వరం రాకముందే నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నావు. కాఫీకి లేవలేదు, పలకరించడానికి లేవలేదు, బంతి దొర్లుకుంటూ వచ్చి నీ కాళ్ళ దగ్గర పడితే బేపో చేత తీయించావు. బల్ల పట్టుకోకుండా ఒక్కసారి లేచి నిలబడు. అంతకంటే నేనేమీ అడగను. నిలబడితే ఆ చోటు నీదే."

నెవెంకా మొహంలో కోతలన్నీ ఎటో పోయాయి. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు బిగించి ముందుకు వంగింది. సగం దాకా లేచి మళ్ళీ కుర్చీలో పడింది. బేపో తెలియకుండానే చెయ్యి చాచాడు. ఆవిడ చూసిన చూపుకి ఆ చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

రెండోసారి లేచింది. ఎంత మెల్లగా లేచిందంటే మేమంతా మా మోకాళ్ళు నొక్కుకున్నాం. నుదుటి మీద చెమట, ఎర్రబడ్డ మొహం. అయినా బల్ల తాకకుండా, ఎవర్నీ పట్టుకోకుండా నిటారుగా నిలబడింది. ఇక నవ్వాలో ఏడవాలో తెలియక లూత్సే రెండూ చేసింది.

"సరే, చోటు నీదే," అంది కళ్ళు ఒత్తుకుంటూ. "మాటంటే మాటే. ఇక కూర్చోవే తల్లీ, చూడలేకపోతున్నాను."

నెవెంకా వెనకనున్న కుర్చీ వైపు ఒకసారి చూసింది, మోకాలి వైపు ఒకసారి చూసింది.

"కూర్చోను," అంది. "కూర్చుంటే ఆదివారం మళ్ళీ లేవాలి. ఇలాగే ఉంటాను."