ఎండాకాలపు నీళ్లు

జహ్లే పట్టణంలోని ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన అబూ నసీబ్, ముందుగా కుండీలో వేలు పెట్టి చూశాడు. వేసవంతా పొడిమట్టిలో నిద్రపోవలసిన తులిప్ దుంపలు తడికి కుళ్లి, మెత్తగా తగిలాయి. అవి పుట్టిన కొండను రాళ్ల కోసం ఎప్పుడో తవ్వేశారు. ఇంకెక్కడా దొరకవు.

“రోజూ పొద్దున్నే వచ్చి నీళ్లు పోశాను, అన్నా. ఒక్క ఆకైనా రాలేదు,” అంది పక్కింటి ఉమ్ హబీబ్.

“వానలు పడనీ, వస్తాయిలే.”

“మా ఇంట్లో పలికేవాళ్లు లేక వీటితోనే మాట్లాడాను. నీకంటే బాగా వింటాయి.”

“ఏం మాట్లాడావు?”

“అన్నీ నీకు చెప్పాలా? సరే, నువ్వొచ్చేశావుగా. ఇక నాతో పనేముంది, నా బకెట్టు తీసుకుపోతా.”

అతను వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

“ఉండనీ. నేనింకా బరువులెత్తలేను. రేపు కూడా నువ్వే వచ్చి పొయ్యాలి.”